నీటి అంచున జెండా

“జెండా ఎవరు జరిపారు?” అంటూ మా ఆయన ఎడమచేత్తో ఫోను మంచం మీదికి విసిరారు.

ఆన్‌లైన్ గోల్ఫ్ ఆటలో బంతి పడాల్సిన గుంట, దానికి గుర్తుగా జెండా ఎక్కడుండాలో చూసే ఉద్యోగం మా మనవరాలిది. నీటి అంచునున్న జెండాను ఇవతలికి జరపమని దాన్ని బతిమాలింది నేనే.

“నెలరోజులుగా బంతి నీళ్లలోకే పోతుంటే చూడలేకపోయానండీ. అసలే పక్షవాతం వచ్చిన మనిషి...”

“నీ జాలి తగలెయ్య! ఎడమచేత్తో అయితే ఎప్పుడో గెలిచేవాణ్ణి. కుడిచెయ్యి రోజుకెంత తేరుకుంటోందో ఆ జెండాతోనే కొలుచుకుంటున్నా.”

“నే చెప్పలేదా అమ్మమ్మా, తాతయ్యనే అడుగుదామని?” అంటూ పక్కనే ఉన్న మనవరాలు తన ల్యాప్‌టాప్‌లో జెండాను మళ్లీ నీటి అంచుకు చేర్చింది.

ఆయన ఫోను అందుకుని, వణికే కుడిచేతి వేలితో బంతిని కొట్టారు. బంతి నీళ్లలో పడింది.

“నిన్నటికంటే రెండడుగులు ముందుకెళ్లింది” అన్నారు, నావైపు చూడకుండానే.