వేరు వదిలేసే మనిషి

గేటు దగ్గర ఎవరో ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో కలుపు తీసే చిన్న బొరిగ.

"లాన్‌లో తుంగ బాగా పట్టినట్టుంది బాబూ. తీసిపెట్టమంటారా?"

ప్లీడరుగారి కొడుకు లాన్ వంక చూశాడు. నిజమే. నాన్న మంచాన పడ్డప్పటి నుంచి దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. పచ్చిక కంటే తుంగే ఎక్కువ కనిపిస్తోంది.

"సరే, రా."

ఆ లాన్ ప్లీడరుగారి ప్రాణం. కోర్టు నుంచి రాగానే చొక్కా చేతులు మడిచి ముందు కలుపు తీసేవారు, ఆ తర్వాతే కాఫీ. కోర్టులో ఆయన నోరు విప్పితే అవతలివాళ్ళకి ముచ్చెమటలు పట్టేవి. అంతటి మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాళ్ళూ చేతులూ కాస్త కుదుటపడ్డాయి గానీ మాట మాత్రం రాలేదు.

"మొదటి నెలల్లో గట్టిగా ప్రయత్నిస్తేనే ఆశ ఎక్కువ. అశ్రద్ధ చేయకండి" అన్నాడు డాక్టరు.

మాట నేర్పడానికి ఇద్దరు వచ్చారు. మొదటాయన బొమ్మ చూపించి "ఇదేంటి? పిల్లి! అనండి, పిల్లి!" అన్నాడు. ప్లీడరుగారు అతని మీదికి గ్లాసు విసిరారు. రెండో ఆవిడ వస్తే కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు.

అప్పటి నుంచి ఎవరూ రాలేదు. వరండాలో కూర్చుని లాన్ చూడటమే ఆయనకు మిగిలిన పని.

ముసలాయన కలుపు తీయడం మొదలుపెట్టాడు. తీయడమంటే ఏం తీయడం? తుంగ పిలకని పైపైన పట్టుకుని పుటుక్కున తెంపడం. అడుగున గడ్డ నేలలోనే ఉండిపోతోంది. తెంపింది చూసుకుని పెద్ద ఘనకార్యం చేసినట్టు పక్కన పోగేస్తున్నాడు.

వరండాలో చేతికర్ర టకటకమంది.

"ఏంటయ్యా? నీళ్ళు కావాలా?" అన్నాడు ముసలాయన.

ప్లీడరుగారు విసుగ్గా తలూపారు. "వే..."

"వేడిగా ఉందా? కుర్చీ నీడలోకి లాగనా?"

"వే... వేరు!"

వంటింట్లో కోడలి చేతిలోంచి గరిటె జారి కింద పడింది.

"ఓహో, వేరుతో తియ్యాలా? అలాగేనయ్యా" అన్నాడు ముసలాయన. మళ్ళీ పైపైనే తెంపాడు.

"మందులు పనిచేస్తున్నాయి" అన్నాడు కొడుకు, సాయంత్రం ఆ మాట వినగానే. సంతోషంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మందులో, కోపమో!" అని నవ్వింది కోడలు.

ముసలాయన రోజూ వచ్చేవాడు. రోజూ అదే తీరు. "పైన కాదు" అన్నారు ప్లీడరుగారు. తర్వాత "గడ్డ తవ్వు" అన్నారు. ఇంకొన్నాళ్ళకి "ఒరే మొద్దూ, లోతుగా!" అన్నారు. ముసలాయన ప్రతిదానికీ చెవి ఒగ్గి "ఏంటయ్యా, సరిగ్గా వినపడలేదు" అనేవాడు. ఆయన మళ్ళీ అరిచి చెప్పాల్సి వచ్చేది.

లాన్ మాత్రం నానాటికీ పాడైపోతోంది. తెంపినచోటల్లా తుంగ రెట్టింపు లేస్తోంది.

ఒకరోజు కొడుకు ఆఫీసు నుంచి ముందే వచ్చాడు. వరండాలో నాన్న కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డారు. ముఖం ఎర్రగా కందిపోయింది.

"బుద్ధి లేదూ నీకు! ఎన్నిసార్లు... చెప్పాలి!"

కొడుకు గాభరాగా దగ్గరికి పరిగెత్తాడు. ఉన్న బీపీ చాలదా, మళ్ళీ నరం ఏదైనా చిట్లితే?

"చాల్లే, ఇక లే" అన్నాడు ముసలాయనతో. "రేపటి నుంచి రావద్దు."

"ఇంకొన్నాళ్ళు రానివ్వండి బాబూ. కూలి కూడా వద్దు."

"ఊరికే చేసినా నాకొద్దు. నీకు పని చేతకాదయ్యా!"

ముసలాయన బొరిగ తుడుచుకుని వరండా వైపు తిరిగాడు. "వస్తానయ్యా."

"రేపు... రా" అన్నారు ప్లీడరుగారు.

మర్నాడు వచ్చాడు కూడా. గేటు అవతలే నిలబడి "ఒక్క నిమిషం, మీతో విడిగా మాట్లాడాలి బాబూ" అన్నాడు.

"మాట్లాడేదేం లేదు. లాన్ పాడుచేశావ్, మా నాన్న ప్రాణం మీదికి తెచ్చావ్. వెళ్ళు!"

గేటు గడియ పడింది.

కొడుకు కలుపు మందు కొట్టించాడు. నేల తవ్వించి, గడ్డలు ఏరించి, కొత్త పచ్చిక పరిపించాడు. ఇప్పుడు తుంగ మచ్చుకైనా లేదు.

"ఎలా ఉంది నాన్నా?"

ప్లీడరుగారు తలూపారు. బాగుందని ఒక్క మాటైనా అంటారని కొడుకు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. నెలలు గడిచాయి. వచ్చిన మాటలు కూడా ఒక్కొక్కటే పోయాయి.

"ఇదేంటి, వాక్యాలు కూడా వస్తున్నాయని విన్నానే!" అన్నాడు డాక్టరు, పరీక్ష చేసి. "మాట నేర్పడం ఎందుకు ఆపేశారు?"

"నేర్పేవాళ్ళెవరున్నారు సార్? ఎవర్నీ దగ్గరికి రానివ్వరుగా."

"మరి అప్పట్లో నేను పంపిన మాస్టారో? నాకు ఈ విద్య నేర్పిందే ఆయన. మాట పోయినవాళ్ళతో మళ్ళీ మాట్లాడించడంలో ఆయన తర్వాతే ఎవరైనా."

"అలాంటివాళ్ళెవరూ మా ఇంటికి రాలేదు సార్. ఇప్పుడైనా పంపండి, మీ పుణ్యం ఉంటుంది."

"ఇంకెక్కడి మాస్టారు? చాన్నాళ్ళు మంచాన ఉండి, పోయిన నెలలో పోయారు."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీకు చెప్పొద్దన్నారు. చెబితే మీ ముఖాలు చూసి ప్లీడరుగారు ఇట్టే పట్టేస్తారట. చేతకాని పనివాణ్ణి చూస్తే ఆయన తిట్టకుండా ఉండలేరని, మీ లాన్‌లో కలుపు తీసే నెపంతో వచ్చారు."