అల్లుడి వాటా

"పాస్‌పోర్టు ఇలా ఇవ్వండి," అంది మాధవి చెయ్యి చాపి.

ఫల్గుణ చొక్కా పైజేబు తడుముకున్నాడు. పాస్‌పోర్టు అక్కడే ఉంది. దాన్ని వదిలేసి, పర్సులోంచి ఒక కార్డు తీసి దర్జాగా బల్ల మీద పెట్టాడు.

"సింగపూర్ పీఆర్ అండి. అక్కడ శాశ్వత నివాసిని. ఇది సూడండి, సాలు."

అరకు బస్టాండు ఎదురుగా ట్రావెల్స్ నడిపే మాధవి ఆ కార్డును ముట్టుకోలేదు. వచ్చే వారం విశాఖ నుంచి బయల్దేరే విహార ఓడలో ఫల్గుణకీ, అతని భార్య సోనికీ కలిపి ఒక గది బుక్ చేసింది ఆమే. సోని అరకులోనే నర్సు కాబట్టి ఆమె వీసా ఇక్కడే వచ్చేసింది. ఫల్గుణ సింగపూర్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. సెలవు మీద ఊరొచ్చి నాలుగు రోజులైంది.

"ఓడ ఆగే దేశంవాళ్ళు మీరెక్కడ ఉంటున్నారో చూడరండి. ఏ దేశం పాస్‌పోర్టో చూస్తారు. మీది ఇండియా పాస్‌పోర్టే కదా, వీసా ఉండాలి. వేయించుకున్నారా?"

"పీఆర్ ఉన్నోడికి మళ్ళీ వీసా ఏటండి?" అన్నాడు ఫల్గుణ ధీమాగా.

సోని మొగుడి వైపు తిరిగింది. "ఫోన్లో ఎన్నిసార్లు సెప్పాను బావా? సూసుకుంటానన్నావు గదా."

"సూసుకున్నాను గదే," అన్నాడు ఫల్గుణ, కార్డు మీద వేలితో కొట్టి.

"ఇప్పుడు ఇక్కడ పెడితే రాదా మేడమ్?" అని సోని మాధవిని అడిగింది.

"రాదమ్మా. విదేశంలో ఉండేవాళ్ళు ఉండే చోటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ తీసుకోరు. వీసా లేకపోతే విశాఖలోనే ఓడ ఎక్కనివ్వరు."

సోనికి ఏడుపొచ్చింది. అసలు ఈ ఓడ ఆలోచన వాళ్ళమ్మ కనక కోసం పుట్టింది. కనక ఒప్పుకోలేదు. కొత్త జంట ఉండగా నాకేటని కొట్టిపారేసి, అల్లుణ్ణి తీసుకెళ్ళమంది. "అమ్మ రానంది, నువ్వు రాలేవు. నేనొక్కద్దాన్నీ ఎల్లి ఏటి సెయ్యాలి?"

మాధవికి జాలేసింది. "రద్దు చేస్తే ఏమీ రాదు. పేరు మార్చుకోవచ్చు గానీ సాయంత్రంలోపు చెప్పాలి. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? ఇక్కడివాళ్ళయితే వీసా తొందరగా వచ్చేస్తుంది."

"మా ఊళ్ళో పాస్‌పోర్టులెవరికుంటాయండి?" అన్నాడు ఫల్గుణ పెదవి విరిచి.

సోని కళ్ళు తుడుచుకుంది. "అమ్మకుంది."

కిందటేడు సింగపూర్ చూపిస్తానని ఫల్గుణే అత్తకు పాస్‌పోర్టు తీయించాడు. తీరా బయల్దేరే వేళకు కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. తోట వదిలి రానని ఆమె మొండికేసింది. అప్పటి నుంచీ ఆ పాస్‌పోర్టు ట్రంకుపెట్టెలో చీరల అడుగున పడుంది.

కనక వాకిట్లో రాగులు చెరుగుతోంది. సంగతి విని చేట పక్కన పెట్టింది.

"ఇంతింత ఓడలు బాగుసేత్తాడంట, అరసేతిలో కాయితం సూసుకోలేడంట. ఏటల్లుడా ఇది?"

"తప్పే అత్తా," అన్నాడు ఫల్గుణ వినయంగా.

"నేనెల్లను. అది నీ వాటా. ఒకల వాటా నేనెప్పుడూ ముట్టలేదు."

"నా పేరు తీసెయ్యమని సెప్పేసాను. నువ్వెల్లకపోతే ఆ మంచం ఖాళీగా సముద్రం సుట్టొత్తాది. నీ పేరన వండిన కూడు పారబోత్తారు."

"పారబోత్తారా?" అంది కనక. కుండలో అడుగంటిన గంజి కూడా గీకి తాగే మనిషి ఆమె. అల్లుడొచ్చిన రోజు నుంచీ ఓడలో పొయ్యి ఎక్కడుంటుంది, పడుకుంటే నేల ఊగుతుందా అని అడిగి అతని బుర్ర తినేసింది ఆమే. చివరికి గొణుక్కుంటూ లేచి ట్రంకుపెట్టె తెరిచింది.

వీసా చెప్పినట్టే తొందరగా వచ్చింది. తల్లీకూతుళ్ళను ఫల్గుణే విశాఖ తీసుకెళ్ళాడు. రేవు గేటు దగ్గర కనక ఆగిపోయి ఓడకేసి తలెత్తి చూసింది. పైఅంతస్తు చూడబోతే తలమీద ముసుగు జారిపోయింది. ఆ క్షణంలో ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది.

"బేగి ఎల్లు అత్తా, లైను కదులుతోంది," అన్నాడు ఫల్గుణ.

మర్నాడు ఫల్గుణ ఊరు చేరేసరికి చైత్రంలో వచ్చే ఇటుకల పండగ జోరుగా ఉంది. ఆ పండక్కి వేటకెళ్ళి వట్టి చేతుల్తో తిరిగొచ్చిన మగవాణ్ణి ఆడవాళ్ళు వదలరు, పేడనీళ్ళు పోసి మరీ పరువు తీస్తారు. సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. వరస మరదళ్ళు దారికి అడ్డంగా నిలబడ్డారు.

"ఓడ సిక్కలేదా బావా?" అని ఒకతి.

"పీఆర్ సూపించు, ఒగ్గేత్తాం," అని ఇంకొకతి.

మూడు బిందెలు గుమ్మరించారు. ఫల్గుణ పారిపోలేదు, మాట తూలలేదు. నవ్వుతూ నిలబడి పోయించుకుని, కారుతున్న బట్టలతోనే ఇంటికొచ్చాడు. అంతలో ఫోన్ మోగింది. తెరమీద కనక, వెనక నీలంగా సముద్రం.

"అల్లుడా, ఎటు సూసినా గట్టే లేదురా ఈ నీళ్ళకి," అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "నీ తెలివితక్కువ పని నాకు కలిసొచ్చింది. కోపం లేదు గదా?"

"లేదత్తా. కడుపునిండా తిను. ఏదీ వదలొద్దు."

ఫోన్ పెట్టేసి చొక్కా విప్పి దండెం మీద వేశాడు. పైజేబులోని పాస్‌పోర్టు తీసి, అరుగు మీద ఎండలో జాగ్రత్తగా తెరిచి పెట్టాడు. అట్ట నానిపోయింది, అంచులు పచ్చబడ్డాయి.

సింగపూర్‌లో వేయించుకున్న వీసా మాత్రం తడవలేదు.