కొమురమ్మ పేరు మీద పొట్టు

హలో... హలో, అందరికీ వినబడుతోందా? చేతిలో పని ఉంటే కాస్త పక్కన పెట్టి రెండు నిమిషాలు లైన్లో ఉండండి. మా లాల్‌దర్వాజా ముచ్చట ఒకటి చెబుతాను.

"బాపూ, మిషన్ బంద్ చెయ్! ఆ బోర్డు ఎవరిదో ముందుగాల తేల్చు!"

పెద్దకొడుకు నందు అరుపుకి బీరయ్య స్విచ్ ఆపేశాడు. పైకీ కిందికీ ఆడుతున్న సన్నటి రంపం బ్లేడు చెక్క మధ్యలో నిలిచిపోయింది. వేలి మందం చెక్క అది. దాని మీద పెన్సిలు గీతతో పేరు: కొమురమ్మ పెరుగు. ఇప్పటికి 'కొ' ఒక్కటే కోయడం అయింది.

"తేల్చేదేముంది? నాదే," అన్నాడు చిన్నకొడుకు మనీష్. "మాదన్నపేటల కొత్త దుకాణం నాది. బోర్డు కొత్త దానికే గదా కావాలె."

"పాత దుకాణం నాకొచ్చింది, దాని బోర్డు పుచ్చిపోయింది. అమ్మ పేరు దాంతోటే నాకొస్తది."

"పేరేమన్న ఫ్రిజ్జా అన్నా, దుకాణంతోటి వచ్చుడు?"

అన్నదమ్ములు వేరుపడి వారమైంది. గిన్నెలు పంచుకున్నారు, పాల క్యాన్లు పంచుకున్నారు. మిగిలింది తల్లి పేరు. ఆ పేరు చూసే జనం పొద్దున్నే డబ్బాలు పట్టుకుని వస్తారని ఇద్దరికీ తెలుసు. రేపే రెండు దుకాణాలూ తెరవాలి.

"లొల్లి తర్వాత," అన్నాడు బీరయ్య. "ముందు వచ్చి ఊదుండ్రి. మిషన్‌ల గాలి పైపు పలిగింది. గీత మీద రంపపు పొట్టు కుప్ప పడుతుంది. గీత కనబడకుంటే బ్లేడు పక్కకు పోతది. పోయిందంటే పేరు ఇద్దరికీ లేదు. ఇంట్ల ఇంకో చెక్క కూడ లేదు."

నందు ఎడమవైపు కూర్చున్నాడు. మనీష్ కుడివైపు కూర్చున్నాడు. మిషన్ కదిలింది.

నందు గట్టిగా ఊదాడు. పొట్టంతా ఎగిరి తమ్ముడి కళ్ళలో పడింది.

"కావాలనే కొట్టినవ్!" అని మనీష్ అంతకంటే గట్టిగా ఊదాడు. ఈసారి అన్న మీసాలు తెల్లబడ్డాయి. ఇద్దరూ ఒకేసారి ఊదారు. పొట్టు మధ్యలో గిర్రున లేచి, తిరిగి సరిగ్గా గీత మీదే కూర్చుంది. 'ము' కనిపించకుండా పోయింది.

బీరయ్య మళ్ళీ స్విచ్ ఆపాడు.

"ఓ పహిల్వాన్లూ! నువ్వు గిట్ల ఊది, వాడు గట్ల ఊదితే పొట్టు యాడికి పోవాలెరా? మీ నడుమ అది అమ్మ పేరు మీదనే పడుతుంది. చల్, ఇద్దరు ఒక్క దిక్కు రాండ్రి. ఒకడు ఊదంగ ఇంకొకడు దమ్ము పీల్చాలె. గాలి తెగొద్దు."

ఉన్నది ఒక్కటే స్టూలు. ఇద్దరూ చెరి సగం ఇరుక్కుని కూర్చున్నారు. అన్న ఊదాడు, తమ్ముడు ఊపిరి పీల్చాడు. తమ్ముడు ఊదాడు, అన్న పీల్చాడు. గీత నల్లగా, నిక్కచ్చిగా బయటపడింది. బ్లేడు దాని వెంటే నడిచింది.

"అన్నా, పొద్దుగాల్ల ఉల్లిగడ్డ మస్తుగ తిన్నట్టున్నవ్."

"నీ మూతి చూస్కో ముందు. బుడగలు ఊదే పోరని లెక్క పెట్టినవ్."

మనీష్‌కి నవ్వు ఆగలేదు. నందుకీ ఆగలేదు.

"నవ్వకుండ్రిరా, బల్ల ఊగుతుంది! 'మ' కింది వత్తు కాడ ఉన్న!" అని అరిచాడు బీరయ్య. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఆ వత్తు తిరిగేంతసేపు వంతు తప్పకుండా, మెల్లగా, దీపం ఆరకుండా ఊదినట్టు ఊదారు. ఎక్కడా గీత దాటలేదు. చివరి 'గు' కూడా అయింది. బీరయ్య మిషన్ ఆపి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇగ చెప్పుండ్రి. ఎవరికియ్యాలె?"

మనీష్ అన్న వైపు చూశాడు. కనుబొమ్మల నిండా పొట్టుతో ముసలాడిలా ఉన్నాడు నందు.

"అన్నకే ఇయ్యి బాపూ. నేను ఏదో ఒక పేరు పెట్టుకుంట."

"అరే, వద్దు. తమ్మి కొత్తగ పెడుతుండు. వానికే ఇయ్యి."

"నాకొద్దంటున్న గదా!"

"పెద్దోన్ని చెప్తున్న, తీస్కో!"

"మళ్ళ షురూ అయిందా మీ లొల్లి!" అంటూ బీరయ్య చెక్క అంచుకి చుట్టిన టేపు పీకేశాడు. సందులో సన్నని కత్తి దూర్చి పైకి లేపాడు. పలుచటి పలక ఒకటి ఊడి వచ్చింది. దాని మీద నిండుగా కొమురమ్మ పేరు. అది నందు చేతిలో పెట్టాడు. కత్తి మళ్ళీ దూర్చి ఇంకో పలక లేపి మనీష్‌కి ఇచ్చాడు.

"పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి కోస్తే, ఒక్క కోతకే అన్నీ వస్తయిరా. ముందే చెప్తే మీరు ఒక్క స్టూలు మీద కూసుందురా?"

అన్నదమ్ములు ఒకరి బోర్డు ఒకరు చూసుకుని మురిసిపోయారు. అంతలో మనీష్ బల్ల వైపు వేలు చూపించాడు. అక్కడ అదే పేరుతో ఇంకో పలక ఉంది.

"బాపూ, మూడోది ఎవరికి?"

బీరయ్య గుడ్డ తీసుకుని మిషన్ తుడవడం మొదలుపెట్టాడు. "మీ అమ్మనడుగు."

కొమురమ్మ గడప దాటి వచ్చింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఆ పలక తీసుకుంది. ఇద్దరు కొడుకుల తలల మీది పొట్టు ప్రేమగా దులిపింది.

"ఇది నాదే. మన గల్లీ మలుపుల రేపటి సంది నేను సుత దుకాణం పెడుతున్న. పేరు మీరిద్దరు మంచిగ పంచుకోండ్రి బిడ్డా, పాలు తోడేసే చెయ్యి మాత్రం నా దుకాణంలనే ఉంటది."

అంతే, అయిపోయింది. మీ ఇంట్లో పెరుగు తోడేసేవాళ్ళకి ఈ కథ ముందు వినిపించండి, ఆ తర్వాత అన్నదమ్ములున్న గ్రూపులన్నిటికీ పంపించండి.