కళ్ల మీద నల్లపట్టీ

పొడి డబ్బా అందుకోబోయి వైజయంతి కౌంటర్ మీదికి తూలింది.

బయట నిలబడి బోర్డు చూస్తున్న లావుపాటి ఆవిడ గబగబా లోపలికొచ్చి పట్టుకుంది. స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది.

"పొద్దున్న ఏం తిన్నావు తల్లీ?"

"ఈ పొడే, కాకూ. నీళ్లలో కలుపుకుని."

"నిన్న రాత్రి?"

"అదే."

మహారాష్ట్రలోని సాంగ్లీలో వైజయంతి పనిచేసే, ఒళ్లు తగ్గించే పొడి అమ్మే దుకాణం అది. బోర్డు మీద రెండు ఫోటోలు. ‘వాడకముందు’ అని బొద్దుగా ఒక ఆడమనిషి. ‘వాడిన తరువాత’ అని అదే మనిషి, సన్నగా వెదురుబద్దలా. రెండింటికీ కళ్ల మీద నల్లపట్టీ.

"ఇంకో అయిదు కిలోలు తగ్గు, అక్కడ నీ ఫోటోనే పెడతా" అన్నాడు దుకాణం యజమాని షేఠ్. చిన్నప్పటి నుంచీ ‘బూరె’ అని పిలిపించుకున్న వైజయంతి ఆ మాట పట్టుకుని నాలుగు నెలలుగా రొట్టె ముట్టడం లేదు.

ఆ లావుపాటి ఆవిడ తన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. జొన్నరొట్టె తుంచి, శనగపిండితో వండిన పిఠలే అద్ది, నోటి దగ్గర పెట్టింది.

"తిను. ఆ రెండో బొమ్మ మీద మోజు పడకు. నేనూ ఒకప్పుడు అలా ఉన్నదాన్నే."

పొడి కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు మొహాలు చూసుకుని నవ్వారు.

"అందరం ఉన్నవాళ్లమే బాయీ" అంది ఒకామె.

వైజయంతికి తల కొట్టేసినట్టయింది. ఆ చేతిని పక్కకు నెట్టింది.

"ఇవన్నీ తింటే మీలా అవుతాను."

ఆవిడ రొట్టె ముక్కను తిరిగి డబ్బాలో పెట్టింది.

"నాలాగే అవ్వు తల్లీ. నేను కోరేదీ అదే."

కోపం లేకుండానే అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మూడు వారాలకు షేఠ్ వైజయంతిని ఫోటో తీయించుకు రమ్మన్నాడు.

పాత స్టూడియో. ఫోటోలు తీసే దిగూ కాకా లైట్లు సర్దుతుంటే ఆమె కళ్లు గోడ మీద ఆగిపోయాయి. బోర్డు మీది ఫోటోలే. ఇక్కడ నల్లపట్టీలు లేవు. ఆ కళ్లు తనకు తెలుసు; ఆ రోజు రొట్టె పెట్టబోయిన ఆవిడవే.

"కాకా, ఈవిడ..."

"ఇందూబాయి. పన్నెండేళ్ల కిందట నేనే తీశాను. దుకాణంలో పెట్టుకుంటానని మీ షేఠ్ అడిగితే, బుద్ధి గడ్డితిని ఇచ్చాను. తీసేయించమని మూడుసార్లు వచ్చింది పాపం."

"వాళ్ల ఇల్లెక్కడ?"

"పోయిన వారమే ఖాళీ చేశారు. ఏ ఊరు వెళ్లారో తెలీదు."

వైజయంతి సన్నటి ఫోటో వైపు వేలు చూపింది.

"ఆ పొడి వాడే అంత సన్నబడ్డారా?"

దిగూ కాకా చేస్తున్న పని ఆపాడు.

"ఏం పొడి తల్లీ? సన్నటిదే ముందు తీసింది. క్షయతో ఇక బతకదన్నారని, గుర్తుకు ఒక్క ఫోటో అయినా ఉండాలని వాళ్లాయన చేతుల మీద ఎత్తుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ లావుది, జబ్బు నయమయ్యాక, వీధంతా పేడా మిఠాయిలు పంచుకుంటూ తన కాళ్లతో తాను నడిచొచ్చి తీయించుకుంది."