ఎడమకి లాగే బండి

"ఇదిగో, చెయ్యి పెట్టి చూడండి మాస్టారూ," అన్నాడు టైర్ల మెకానిక్.

డ్రైవింగ్ స్కూలు మాస్టారు వంగి ముందు టైరు తడిమాడు. బయటి అంచు ఇంకా గరుకుగానే ఉంది. లోపలి అంచు మాత్రం బోడిగుండులా నున్నగా అరిగిపోయింది.

"అలైన్‌మెంటు పోయింది. స్టీరింగు ఎంత తిన్నగా పట్టుకున్నా బండి ఎడమకే లాగేస్తుంది. దేనికో గట్టి దెబ్బ తగిలుంటుంది. ఇన్నాళ్ళూ మీకు తెలీలేదా?"

ఎలా తెలుస్తుంది? పొద్దస్తమానం ఆయన కూర్చునేది పక్క సీట్లో. కాలు అక్కడ బిగించిన రెండో బ్రేకు మీద, నోరు నేర్చుకునేవాళ్ళ మీద. స్టీరింగు ఎప్పుడూ శిష్యుల చేతుల్లోనే. సాయంత్రం ఇంటికి పోయేది సైకిలు మీద.

అంతలో, తన దగ్గర బండి నేర్చుకోవడానికి వచ్చిన నర్సమ్మ గుర్తొచ్చింది మాస్టారికి.

లైసెన్సు వస్తేనే ఆమెకి ఊళ్ళు తిరిగే ఆస్పత్రి వ్యానులో ఉద్యోగం. బండి ఎడమకి పోయినప్పుడల్లా "నీ చెయ్యి వంకరా, చూపు వంకరా?" అని నలుగురి ముందూ దులిపేశాడు. మిగతా శిష్యులైతే సణిగేవాళ్ళు. ఆమె మాత్రం తల వంచుకుని "తప్పు నాదే సార్" అనేది. మెత్తని మనిషి దొరికేసరికి ఆయన నోటికి పట్టపగ్గాలు లేకపోయాయి. చివరికి ఆమె రావడమే మానేసింది.

దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా ఆయనకు తట్టింది. రైలు గేటు దగ్గరి గుంట! ఒక శిష్యుడు తప్పించి పోబోతుంటే, "గుంటలకి భయపడేవాడివి డ్రైవరెలా అవుతావ్? దించు!" అని తనే దింపించాడు. చేసింది తను, తిట్లు ఆ పిల్లకి. తన మీద తనకే అసహ్యమేసింది.

మెకానిక్ చక్రాల వంకర తీశాడు. అరిగిన టైర్లు మార్చాడు. మాస్టారు బండిని తిన్నగా నర్సమ్మ ఇంటికి పోనిచ్చాడు.

తలుపు తీసింది వాళ్ళ వదిన.

"ఏం నేర్పించారో గానీ మాస్టారూ, మా ఆడపడుచుకి తిండీ లేదు, నిద్రా లేదు. ఏమైందే అంటే నోరు విప్పదు."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నర్సమ్మ బయటికి రాగానే ఆయన రెండు చేతులూ జోడించాడు.

"వంకర నీ చేతిలో లేదమ్మా, నా బండిలో ఉంది. నాది పాపిష్టి నోరు. క్షమించు. పరీక్ష దాకా దగ్గరుండి నేర్పిస్తా, రా."

ఆమె మొహం పాలిపోయింది. ఏదో అనబోయి ఆగిపోయింది. ఇంకా కోపం చల్లారలేదు కాబోలు, అందులో తప్పేముంది అనుకున్నాడాయన.

మర్నాటి నుంచి మాస్టారు గొంతు పెంచితే ఒట్టు. "పులి గడ్డి మేస్తోందిరోయ్" అని శిష్యులు చాటుగా నవ్వుకున్నారు. బండి గీత గీసినట్టు పోయేది. నర్సమ్మ మాత్రం ఆయన కళ్ళలోకి చూసేది కాదు.

పరీక్షలో ఆమె వంక పెట్టడానికి వీల్లేకుండా నడిపి, పాసై దిగింది. మాస్టారి కళ్ళు చెమర్చాయి.

"బతికించావు తల్లీ. ఇవాళ్టికి నా పాపం కడుక్కున్నాను."

ఆమె తలెత్తలేదు.

"నేను నేర్చుకోవడానికి చేరిన రెండో రోజు మీరు టీ తాగడానికి దిగినప్పుడు, ఒక్కదాన్నే నడిపి చూద్దామని తీసుకెళ్ళి బండిని కాలిబాట గట్టుకి గుద్దింది నేనే సార్."