గాజు మేఘం కింద ఆరాధన

చర్చికో ఆధునిక కళాఖండం వెలిసిన రోజులవి. నరసాపురం చర్చిలో గాజు మేఘం వేలాడదీశారు. కింద ఉన్నవాళ్ళలో ఎవరి ధ్యాస బలంగా ఉంటే, వాళ్ళ మనసులోది అందులో బొమ్మ కట్టేది.

ఆ ఆదివారం పాస్టరు ప్రభుదాసుగారు ఉపవాసం మీద బోధిస్తుండగా మేఘంలో, ముందు వరుసలో కూర్చున్న రాహేలమ్మ వంటిల్లు కనబడింది. ఆరాధన అయ్యాక ఆయన భోజనానికని పెట్టిన కొర్రమీను పులుసు పొయ్యి మీద కుతకుతలాడుతోంది. మంట ఆపకుండా వచ్చేసిన రాహేలమ్మ సిగ్గుతో తలొంచుకుంది.

“దేవుని సన్నిధిలో తిండి గోలేంటమ్మా?” అని ఆయన గద్దించారు.

అంతలోనే బొమ్మ మారింది. చేప తలకాయ జుర్రుకుంటున్న ప్రభుదాసుగారు! జనం గొల్లున నవ్వారు.

ఆయన బైబిలు మూసేశారు. “ఆమెన్! పరిగెత్తమ్మా, మాడిపోద్ది!”

రాహేలమ్మ పరుగందుకుంది. వీధి మలుపులో తిరిగి చూస్తే, అంగీ ఎత్తిపట్టుకుని అయ్యగారూ వస్తున్నారు.