చారలమ్మ మతిమరుపు ఆట

ఒక మామిడితోపులో చారలమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. వానాకాలానికని వేరుశనక్కాయలు తన చేత్తోనే దాచింది, కానీ ఎక్కడెక్కడ దాచిందో ఒక్క చోటూ గుర్తు రావడంలేదు. ఆకాశంలో అప్పుడే మబ్బులు కమ్ముతున్నాయి.

మనవడు తుర్రు, మనవరాలు గంతు మాత్రం తోటమాలి పారేసుకున్న సెల్‌ఫోన్ ముందు బొమ్మల్లా కూర్చున్నారు. అందులో ఏవో ఉడుతలు కొమ్మల మీద పరుగులు పెడుతున్నాయి.

"ఒరే, కాస్త కాయలు వెతకండిరా."

"ఇదొక్కటి అయిపోనీ అమ్మమ్మా!" అన్నాడు తుర్రు.

"పొద్దుటినుంచీ ఆ ఒక్కటే అవుతోంది."

"ఎక్కడ దాచావో చెప్పు, చిటికెలో తెస్తాం," అంది గంతు.

చారలమ్మ తల గోక్కుంది. "అదే తెలిస్తే మీతో పనేమిటే?"

పిల్లలిద్దరూ ఒకేసారి తలలెత్తారు.

"దాచినవాళ్లకే తెలియని ఆటా! ఇది ఫోన్‌లో కూడా లేదే!" అంటూ తుర్రు కొమ్మ మీదికి దూకాడు. గంతు వాడి తోక పట్టుకుని లాగి ముందుకురికింది. తొర్రలు, తోటమాలి ఇంటి పెంకుల సందులు, గడ్డివామి అన్నీ గాలించి, వాన మొదలయ్యేలోగా గూడు నింపేశారు.

రాత్రి ముగ్గురూ కలిసి ఫోన్‌లో ఒక పాట చూశారు. "ఇంకొక్కటి," అని అడిగింది చారలమ్మే. పిల్లలు అప్పటికే అలసి గుర్రుపెడుతున్నారు.

తెల్లవారి వాన వెలవగానే ఇద్దరూ ఆమెను తట్టి లేపారు. "అమ్మమ్మా, ఇవాళ ఎక్కడ మర్చిపోతావు?"

చారలమ్మ బుగ్గల నిండా కాయలు కుక్కుకుని, మర్చిపోవడానికి హుషారుగా బయల్దేరింది.